‘చేయం’ అని రాయడానికి మూడు వారాలు

నిన్న సాయంత్రం మా ప్రొడక్ట్ స్ట్రాటజీ కాగితం (యాప్‌లో ఏం చేస్తాం, ఏం చేయం అని తేల్చేది) మీద మా ఓనర్ సంతకం పడింది. ఒకటిన్నర పేజీ. ఏడు వారాలు పట్టింది. అందులో మూడు వారాలు నాలుగంటే నాలుగు ‘చేయం’ లైన్ల దగ్గరే పోయాయి. చిరాకు ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. హన్మకొండ, కాజీపేటల్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ చేస్తున్న చిన్న టీమ్‌లకు పనికొస్తే మంచిదే.

మాది వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లోని అడ్తి (కమీషన్ మీద రైతు పంట అమ్మిపెట్టే) దుకాణాలకు తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు), ఖాతాలు రాసే యాప్. ఇంజినీర్లు ఆరుగురు, టెస్టింగ్‌కు ఒకమ్మాయి, సపోర్టుకు ఇద్దరు, ప్రొడక్ట్ పని నాది.

పాత కోరికల చిట్టా దులపడం రెండు రోజుల పని. 137 ఉంటే 41కి దిగాయి. ప్రతిదానికీ మూడు గడులు పెట్టాం: ఎవరడిగారు, ఎన్ని దుకాణాలు అడిగాయి, ఆఖరిసారి ఎప్పుడడిగారు. ఒక సీజన్ మొత్తం మళ్లీ ఎవరూ ఎత్తని కోరికను నిర్దాక్షిణ్యంగా తీసేయండి. నిజంగా అవసరమైతే అదే తిరిగొస్తుంది.

తర్వాత దుకాణాలు తిరిగాం, మొత్తం పదకొండు. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త. ‘ఈ ఫీచర్ ఇస్తే వాడతారా’ అని అడగొద్దు. మనోళ్లు మర్యాదస్తులు, ‘ఎందుకు వాడం సార్, ఇయ్యిర్రి’ అంటారు. దాన్ని నమ్మి మూడు నెలలు కోడ్ రాస్తే తర్వాత ముఖం కూడా చూపించరు. ‘నిన్న ఆఖరు లాటు లెక్క ఎట్ల రాసిన్రు, చూపించుర్రి’ అని అడగాలి. ఇంకా మంచిది, జెండా పాట (యార్డులో వేలం) అయ్యాక కాంటా (తూకం) దగ్గర నోరు మూసుకుని నిలబడాలి.

నిలబడితే కనిపించేది ఇది. దడ్వాయి (తూకం వేసే మనిషి) బస్తా బస్తాకూ తూకం కేకేస్తాడు. గుమస్తా చీటీ మీద రాసుకుంటూ పోతాడు: 42, 41.5, 43. నలభై బస్తాల లాటుకు నలభై అంకెలు. ఆ చీటీ దుకాణానికొచ్చి చేతి పుస్తకంలోకి ఎక్కుతుంది, కోతలు పోను రైతుకు లెక్క తేలుతుంది. రాత్రి ఏడు దాటాక, తీరిక దొరికితే, అదే లెక్క మా యాప్‌లోకి వస్తుంది. అంటే మాది మూడో రాత. యార్డులోనే ఎక్కించొచ్చు కదా అంటారా? మా ఫారంలో పదహారు గడులున్నాయి. మిర్చి ఘాటుకు దగ్గుతూ, చెమట చేత్తో, ఎండలో తెర కనపడక, రేకుల షెడ్డు కింద సిగ్నల్ దొరక్క, ‘సేవ్’ గిర్రున తిరుగుతుంటే ఏ గుమస్తా నింపుతాడు? ఒకాయన కడుపులో ఏం పెట్టుకోకుండా చెప్పేశాడు: ‘సార్, మీ యాప్ మంచిగనే ఉన్నది. కాకపోతే రాత్రి ఏడింటికి మంచిగుంటది, పొద్దుగాల పదింటికి కాదు.’ స్ట్రాటజీ మొత్తం ఈ మాటలోనే ఉంది. బయటినుంచి వచ్చిన కన్సల్టెంటు ‘దేశంలో నంబర్ వన్ అగ్రిటెక్’ అని మాతో విజన్ రాయించడానికి ఒక రోజంతా తిన్నాడు. ఆ కాగితంలో ఎనుమాముల అన్న మాటే లేదు.

స్ట్రాటజీ కాగితంలో మొదట జబ్బేమిటో ఒక్క వాక్యంలో రాయాలి. మాది ఇలా వచ్చింది: ‘దుకాణాలు మనల్ని వదిలేస్తున్నది ఫీచర్లు చాలక కాదు, కాంటా దగ్గర పుట్టిన లెక్క యాప్‌లోకి మూడోసారి రాయాల్సి వస్తోంది కాబట్టి.’ దాని కింద మందు: ‘వచ్చే రెండు సీజన్లు కాంటా నుంచి తక్‌పట్టీ దాకా ఒక్కసారే రాత.’ ఆ తర్వాత పనులు: సిగ్నల్ లేకున్నా నడవడం, తెర నిండా పెద్ద అంకెల మీటలు, పదహారు గడులు నాలుగుకు తగ్గించడం, తప్పు పడితే ఆఖరు బస్తాను ఒక్క నొక్కుతో తీసేయడం. జబ్బు వాక్యం చదివినవాడు ‘అయితే ఫలానా పని ఎందుకు చేస్తున్నాం’ అని అడగగలగాలి. అడగలేకపోతే అది జబ్బు కాదు, నినాదం.

కొలత దగ్గర కొంచెం తడబడ్డాం. రోజూ ఎంతమంది యాప్ తెరిచారన్న అంకె ఏప్రిల్‌లో ఆకాశంలో, జూన్‌లో పాతాళంలో ఉంటుంది. జూన్‌లో మిర్చి రాకపోతే గుమస్తా యాప్ ఎందుకు తెరుస్తాడు? పత్తి, మిర్చి సీజన్లను నమ్ముకున్న యాప్‌కు నెల మీద నెల పోల్చడం శుద్ధ దండగ. ఈ సీజన్ ఫిబ్రవరిని పోయిన సీజన్ ఫిబ్రవరితో, అదీ మార్కెట్ నడిచిన రోజుల్లోనే పోల్చాలి. చివరికి పెట్టుకున్న కొలత: కాంటా అయిన గంటలోపు తక్‌పట్టీ బయటికొచ్చిన లాట్లు వందకు ఎన్ని. దానికి కాపలాగా ఇంకోటి: ఇచ్చిన తక్‌పట్టీని మళ్లీ దిద్దిన సందర్భాలు ఎన్ని. కాపలా లేకపోతే వేగం కోసం తప్పుడు లెక్కలు పుట్టిస్తాం, రైతు అడ్తిదారు మీద పడతాడు, అడ్తిదారు మన మీద పడతాడు.

ఇక అసలు కథ. పై ముక్కలన్నీ 26 స్లయిడ్లు చేసి ఆఫీసులో అందరి ముందూ పెట్టాను. బాగానే చప్పట్లు కొట్టారు. అప్పుడు మా టెస్టింగ్ అమ్మాయి చెయ్యెత్తింది: ‘అన్నా, ఇందులో రేపటి నుంచి నేను బంద్ చేయాల్సిన పని ఏది?’ 26 స్లయిడ్లు వెనక్కీ ముందుకీ తిప్పాను. ఒక్కటీ లేదు. అన్నీ చేస్తాం, అన్నీ ముఖ్యమే. గదిలో ఎవరూ నవ్వలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

సరే అని ‘ప్రాధాన్యం తక్కువ’ పేరుతో ఒక పట్టిక పెట్టాను. మొదటి వారం అందులోంచి రెండు పనులు మళ్లీ లేచి కూర్చున్నాయి. ‘తక్కువే కదా, లేదనలేదు కదా’ అని సేల్స్ పెద్దమనిషి నేరుగా ఒక ఇంజినీరు పక్కన కుర్చీ వేసుకున్నాడు. రెండో వారం ‘తర్వాత చూద్దాం’ అని మార్చాను. ఆ ‘తర్వాత’ గురువారానికే వచ్చేసింది. మూడో వారం ‘చేయం’ అని రాశాను. అప్పుడు మొదలైంది గొడవ. ‘చేయం అని రాసే అధికారం నీకెవరిచ్చారు? మార్కెట్‌ను మూసేస్తున్నావా?’ అని సేల్స్ పెద్దమనిషి గాజు తలుపు బయటికి కూడా వినపడేలా అరిచాడు.

మాటలతో ఇది తెగదని అర్థమై అంకెలు తీశాను. ఆరుగురు, పన్నెండు వారాలు: 72 మనిషి-వారాలు. సెలవులు, పండగలకు 7 తీస్తే 65. (మేడారం జాతర పడే ఏడాదైతే ఆ వారం మొత్తం కొట్టేయండి, ఎవరు వస్తారో చూద్దామని పంతం పట్టొద్దు.) సపోర్టు, బగ్గులకు నాలుగో వంతు, అంటే 16 పోతే 49. ఊహించనివాటికి 9 పక్కన పెడితే చేతిలో ఉన్నది 40. చేస్తామన్న పనుల మొత్తం 96. ఈ 40 అంకె మీద గంటసేపు కొట్లాడారు గానీ ఒక్క మెట్టు కూడా తప్పు పట్టలేకపోయారు. కొంచెం గర్వంగానే ఉంది.

ఆ 96లో 60 తిన్నవి నాలుగే పనులు, ‘చేయం’ అని రాసిన ఆ నాలుగు లైన్లు ఇవే. రైతుల కోసం విడిగా యాప్, 22. కోల్డ్ స్టోరేజీ నిల్వల లెక్క, 18. ధర ముందే చెప్పే కృత్రిమ మేధ, 14. ఒక్క పెద్ద వ్యాపారి కోసం అతని ఖాతాల పద్ధతికి ప్రత్యేక ఎగుమతి, 6. మిగిలిన 36 మాత్రం 40లో ఇముడుతుంది.

ధర జోస్యం గురించి ఒక మాట, ఎందుకంటే ఇంజినీర్లందరికీ దాని మీదే మోజు. మా డేటా తెరిచి చూపించాను. ఒకే మిర్చి ‘చపాట’గా, ‘చపాటా’గా, ‘టమాటా మిర్చి’గా మూడు రకాలై కూర్చుంది. 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా పట్టికలో మాత్రం దానికి ఇంకా ఒక పేరు లేదు. ముందు పేర్లు కలపకుండా జోస్యం చెప్తే మూడు మిర్చిలకు మూడు ధరలు చెప్తాం. ఇంకొకరు ‘అయితే వేలం కూడా మనమే పెడదాం’ అన్నారు. వేలానికి 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్) ఉంది. ప్రభుత్వం చేస్తున్న పని మీద ఆరుగురితో పోటీకి పోవడం నాకు నచ్చలేదు, అది పట్టికలోకి ఎక్కకముందే ఆపేశాను.

సంతకం తెచ్చింది అంకెలే కాదు, ‘చేయం’ పక్కన చేర్చిన రెండు గడులు కూడా. ఒకటి, ఏం జరిగితే మళ్లీ తెరుస్తాం. రెండు, తెరవమని చెప్పగలిగే ఒకే ఒక్క మనిషి ఎవరు. ఉదాహరణకు కోల్డ్ స్టోరేజీ లైనులో ‘పది దుకాణాలు డబ్బు ముందే కట్టి అడిగితే, నిర్ణయం ఓనర్‌ది’ అని ఉంది. తలుపు మూసేయలేదు, తాళం ఎవరి దగ్గరుందో రాశాం. సేల్స్ పెద్దమనిషికి కావాల్సింది కూడా అదేనట, ముందే చెప్పుంటే రెండు వారాలు మిగిలేవి. షరతు రాసేటప్పుడు ‘డిమాండ్ పెరిగితే’ లాంటివి రానివ్వకండి. లెక్కపెట్టగలిగేదే ఉండాలి, దానికో గడువు ఉండాలి. ఇంకోటి, ‘చేయం’ పట్టికను స్ట్రాటజీకి అనుబంధంగా వెనకాల పెట్టొద్దు. మొదటి పేజీలో, మందు వాక్యం కిందే రావాలి. వెనకాల పెడితే ఎవరూ తిప్పరు.

పెద్ద వ్యాపారి ఎగుమతి లైను పక్కన షరతు గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది, ఓనర్ ‘రేపు చెప్తా’ అన్నారు. కాగితం ఒక కాపీ రౌటర్ పక్కన గోడకు అంటించాం. ఈ రోజు పొద్దున పదిన్నరకే సేల్స్ పెద్దమనిషి ఫోన్: ‘తమ్మీ, రైతు యాప్ ఒక చిన్న డెమో అన్నా చూపిద్దామా?’ గోడ దగ్గరికి పోయి మొదటి లైను చదివి వినిపించాను. ‘సరే, నేను ఓనర్‌తో మాట్లాడతా’ అన్నాడు. మాట్లాడాల్సింది కూడా ఆయనతోనే.