నాయన మంచం కాడి బల్బు

చిన్నప్పుడు మిద్దె మీద పడుకుంటే గాదంకి దిక్కున ఆకాశంలోకి నిట్టనిలువుగా ఒక పచ్చ గీత లేచేది, సన్నగా వణుకుతా. తిరుపతి–చిత్తూరు దారిలోని రాడార్ కేంద్రంలో 1998లో పెట్టిన లైడార్ అది, లేజర్ వెలుగు పంపి పైనున్న గాలి పొరలను పరిశీలించే యంత్రం. 532 నానోమీటర్ల లేజర్. సెకనుకు 20 సార్లు, ఒక్కోసారి 7 నానోసెకన్లు మాత్రమే వెలుగుతుంది; నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు. ఆ 7 నానోసెకన్లను ఒక సెకను అనుకుంటే, మళ్లీ వెలగడానికి 80 రోజుల పైనే పడుతుంది. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఈ లెక్క వేసుకుని, ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఇప్పుడు జర్మనీలో, యేనాలో ఉంటున్నాను. మైక్రోస్కోపులు చేసిన కార్ల్ జైస్ 1846లో వర్క్‌షాపు తెరిచిన ఊరు. లేజర్ పల్స్, అంటే ఒక్క మెరుపు, లోహం మీద పడితే ఎంత వేడెక్కుతుందో, ఎంత లోతు కరుగుతుందో కంప్యూటర్లో ముందే లెక్కగట్టడం నా పని.

చేరిన మొదటి చలికాలం ఒక స్టీలు రేకు లెక్క ఇచ్చారు. పల్స్ 10 నానోసెకన్లు, శక్తి 1 మిల్లీజౌల్, సెకనుకు 10,000 పల్సులు. సగటున 10 వాట్లే, మన ఇంట్లో ఎల్ఈడీ బల్బంత. కానీ పల్స్ ఉన్న ఆ కాస్త సేపు లక్ష వాట్లు. లెక్క నడిపితే రేకు 20 డిగ్రీల దగ్గరే ఉంది. ఎర్రర్ ఒక్కటీ లేదు, గ్రాఫు నున్నగా వచ్చింది. స్టీలు కాంతిని పీల్చుకునే విలువ మార్చి చూశాను, లెక్క కోసం రేకును ముక్కలు చేసే వల, మెష్, సన్నం చేశాను. మూడు రోజులు పోయాయి. కొత్త ఉద్యోగం, కొత్త దేశం, అన్నం సహించలేదు.

మా టీమ్‌లో పెద్దావిడ వచ్చి ఒకే మాట అడిగింది: "రేకులోకి పోయిన శక్తి మొత్తం కూడి చూశారా?" కూడితే సున్నా. పల్స్ అసలు పడనే లేదు!

ఆ రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ రెండు గంటలు. నాయన మేలుకొనే ఉన్నాడు.

"నిన్న కన్ను మూత పడిందిరా. కరెంటు ఒంటి గంటకొచ్చి పావు గంటలో పోయినాదంట. తోటకు చుక్క నీళ్లు పారలేదు. ఈ పొద్దు మోటారు లైనుకు బల్బు కట్టి మంచం కాడికి లాక్కున్నా. వెలిగితే లేస్తా."

ఫోన్ పెట్టేశాక అలాగే కూర్చుండిపోయాను. కాలంలో అడుగులు వేస్తూ లెక్కగట్టే ప్రోగ్రాం, సాల్వర్, చేసిందీ అదే. రేకులో ఏ మార్పూ లేదు కాబట్టి కాలంలో అడుగు పెంచుకుంటూ పోయింది, మైక్రోసెకన్ల అడుగులు. 50వ మైక్రోసెకను దగ్గర 10 నానోసెకన్ల పల్స్ రెండు అడుగుల మధ్యన వచ్చి పోయింది. అది చూసిన క్షణాల్లో పల్స్ లేదు, అందుకే ఏ తప్పూ కనబడలేదు.

మరుసటి రోజు పల్స్ మొదలయ్యే క్షణం ముందే చెప్పి, అక్కడ ఆగి అరనానోసెకను అడుగులతో నడవమన్నాను. పల్స్ దాటాక అడుగు పెంచుకోవచ్చు. రేకు పైపొర కరిగింది. పీల్చుకున్న శక్తి కూడితే సరిపోయింది. అప్పటినుంచి రంగుల బొమ్మ కంటే ముందు ఆ కూడిక చూస్తాను. కొత్తగా చేరిన పిల్లలకూ మొదట అదే చేయిస్తాను.

ఇప్పుడు చేస్తున్నవి ఫెమ్టోసెకను పల్సులు; ఫెమ్టోసెకను అంటే నానోసెకనులో పది లక్షలో వంతు. 30 ఫెమ్టోసెకన్ల పల్స్ పొడవు 9 మైక్రోమీటర్లు, తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఇక్కడ ఒక్క ఉష్ణోగ్రత చాలదు. ముందు ఎలక్ట్రాన్లు వేల డిగ్రీలకు పోతాయి, పరమాణువులు ఇంకా చల్లగానే ఉంటాయి. వేడి వాటికి చేరడానికి పికోసెకన్లు పడుతుంది, ఒక్కోటి వెయ్యి ఫెమ్టోసెకన్లు. 1974లో అనిసిమోవ్, ఆయన తోటివాళ్లు రాసిన రెండు ఉష్ణోగ్రతల సమీకరణాలే ఇప్పటికీ మాకు ఆధారం. నాకు ఎంతో ఇష్టమైన పని.

మొన్న తోతాపురి కోతలకు సెలవు పెట్టి వచ్చాను. రాత్రి మిద్దె మీద నాయనకు ఇదంతా చెప్పాను, బల్బు సంగతితో సహా. చాలాసేపు గాదంకి దిక్కు చూస్తా ఉన్నాడు.

"ఆ లైటు ఎప్పుడు పడతాదో మీకు ముందే తెలుస్తాదా?"

"లేజర్ వేసేది మనమే కదా నాయనా, తెలుస్తాది."

"మాకు అదే తెలిసేది కాదురా," అన్నాడు.