ఇసుక పీత పొట్టలో నా చున్నీ పోగు

మైక్రోస్కోపు కింద నీలం పోగు కనబడగానే ఎగిరి గంతేసినంత పని చేశాను. తీరంలో సన్న ప్లాస్టిక్ ముక్కలు ఎంత ఉన్నాయో చూసే ఎమ్మెస్సీ ప్రాజెక్టు మొదలుపెట్టిన మూడు వారాలకి, ఇసుక పీత పొట్టలో దొరికిన మొదటి ప్లాస్టిక్ అది. తర్వాత, గాల్లోంచి ఏం పడుతోందో తెలియడానికి పక్కనే తెరిచి పెట్టిన ఖాళీ ఫిల్టర్ పేపరు చూస్తే అక్కడా అదే నీలం. ఆ రోజు నేను వేసుకున్నది నీలం పాలిస్టర్ చున్నీ!

మేం ఎంచుకున్నది భీమిలి తీరం, గోస్తని సముద్రంలో కలిసే చోటికి కాస్త దూరంలో. 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ ముక్కల్ని ఇసుకలోనే వెతకొచ్చు. చిక్కటి ఉప్పునీళ్ళలో ఇసుక కలిపితే తేలికవి పైకొస్తాయి. కానీ ఆ నీళ్ళ సాంద్రత మామూలు నీళ్ళకి 1.2 రెట్లు దాటదు కాబట్టి అంతకంటే బరువైన పైపుల పీవీసీ, నీళ్ళ సీసాల పెట్ అడుగునే ఉండిపోతాయి. పైగా ఇక్కడో లెక్క, నాలుగడుగుల అవతల ఇంకో లెక్క. అందుకే మా గైడు మేడమ్, "రోజూ నీళ్ళు వడపోసేవాళ్ళనే అడుగు" అన్నారు.

అంటే ఎమెరిటా. బొటనవేలి కొస అంత, గుడ్డు ఆకారంలో ఉండే పీత. అలలు విరిగే చోట ఇసుకలో దిగి, నీళ్ళు వెనక్కి పోయేటప్పుడు ఈకల్లాంటి మీసాలు చాపి దొరికింది పట్టుకు తింటుంది. తడి ఇసుక మీద చిన్న 'వి' గీతలు కనబడితే అక్కడే ఉన్నట్టు. వెంటనే రెండు చేతులూ దించాలి, లేదంటే వెనక్కి తవ్వుకుంటూ మాయమైపోతుంది. పొట్ట కింద నారింజ గుడ్లున్న వాటిని వదిలేశాం. ప్లాస్టిక్ బకెట్ పనికిరాదని అమ్మ రసం గిన్నె పట్టుకెళ్ళాను (ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాలేదు). పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే పొట్టలోది బయటికి పోతుంది.

చూస్తున్న కుర్రాడొకడు, "ఏటక్కా, ఎరకా?" అన్నాడు.

"కాదురా, పొట్ట కోసి చూడ్డానికి."

"దాని పొట్టలో ఏటుంటాది, ఇసకే కదా!"

ల్యాబులో మొదటి తప్పు, కండ కరిగి ప్లాస్టిక్ మిగులుతుందని పీతని మొత్తంగా 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేసి 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం. కండ కరిగింది, పెంకు కరగలేదు. ఫిల్టర్ మూసుకుపోయింది. ఆ తర్వాత పైన బాగా కడిగి, పేగు ఒక్కటే తీసి కరిగించాను. కడగకపోతే మీసాలకి చిక్కుకున్న పోగుల్ని కూడా మింగినవాటి లెక్కలో వేసేస్తాం. అనుమానం వచ్చిన ప్రతి పోగుకీ ఎర్రగా కాల్చిన సూది తగిలించాలి. ప్లాస్టిక్కయితే ముడుచుకుంటుంది, కరుగుతుంది. ప్లాస్టిక్కే అనుకున్న రంగు పోగులు కొన్ని కదల్లేదు, అవి పత్తో, చెక్క గుజ్జుతో చేసే రేయానో.

చున్నీ రోజు లెక్క మొత్తం కొట్టేశాను. అప్పట్నుంచి ముదురు నారింజ నూలు చొక్కాతోనే ల్యాబుకి. నారింజ పోగు కనబడితే అది నాదే.

2025 మేలో కేరళ దగ్గర ఓడ మునిగి ఒడ్డుకి ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చినప్పుడు, అక్కడా ఈ పీతల్ని చూడొచ్చు కదా అన్నాడో స్నేహితుడు. ఆ గుళిక దీని నోట్లో పట్టదు. దీని పొట్టలో లేనంత మాత్రాన తీరం శుభ్రంగా ఉన్నట్టు కాదు. సన్న పోగుల సంగతి దీన్నడగాలి, గుళికలకి ఇసుకే జల్లించుకోవాలి.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, మీకోసరం పట్టీసినాను!" గుప్పెడు పీతలు, ఒక ప్లాస్టిక్ కవర్లో.

వాడు చూడకుండా అలలోకి వదిలేసి వచ్చాను.