హెరాల్డ్ వెనక ఎత్తు: కమాను కట్ట నుంచి క్యాంబర్ దాకా

మా స్టాండర్డ్ హెరాల్డ్ కారు వెనక ఎత్తు మొత్తానికి ఒక కొలిక్కి వచ్చింది. ముందు డిస్కు బ్రేకులు, నాలుగు వైపులా 155/80 ఆర్13 రేడియల్ టైర్లు పడ్డాక, దీన్ని స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు నడకకు దగ్గరగా తేవడంలో మిగిలిన పెద్ద పని ఇదే. మద్రాసులో 1961 నుంచి తయారైన మన హెరాల్డ్‌కీ, 1962లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌కీ వెనక అమరిక ఒకటే. డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) మీద అడ్డంగా ఒకే కమాను కట్ట (ఉక్కు పట్టీల స్ప్రింగు), అటూ ఇటూ ఊగే యాక్సిళ్లు.

ఈ యాక్సిల్ లోపలి జాయింటు దగ్గర మాత్రమే వంగుతుంది. అందుకని చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాని వాలు కూడా మారిపోతుంది. మా బండిలో జాయింటు నుంచి చక్రం నడిమికి సుమారు 50 సెంటీమీటర్లు. ఆ లెక్కన వెనక 10 మి.మీ. దిగితే క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలే కోణం) ఒక డిగ్రీకి కాస్త పైనే మారుతుంది. వెనక ఎత్తుగా ఉన్న బండిని మలుపులో గట్టిగా తిప్పి, మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే బయటి చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది, వెనక భాగం లేస్తుంది, పట్టు పోతుంది. 1972లో అదే కంపెనీ నుంచి వచ్చిన గజెల్ కారుకు ఈ ఊగే యాక్సిళ్లు తీసేసి లైవ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్) పెట్టారు. హెరాల్డ్‌లో ఎత్తు అంటే అందం కాదు, ప్రాణం. కంటితో చూసి సరిపెట్టుకోకూడదు.

పాత కట్ట కుంగిపోయింది, కుడివైపు 14 మి.మీ. ఎక్కువగా. డ్రైవరు ఎప్పుడూ కూర్చునే వైపు కదా. ఒంగోలు కర్నూలు రోడ్డులో చీమకుర్తి గ్రానైట్ లారీలకు కమాన్లు కట్టే మేస్త్రీకి ఇచ్చాను. ఆయన కట్ట విప్పి, కన్నుకీ కన్నుకీ (కొసల్లో బోల్టు పట్టే రంధ్రాలకు) దారం లాగి వంపు కొలిచి, నేల మీద సుద్దతో గీత గీశాడు. "లోడు ఎంత పెడతావన్నా?" అని మొదటి ప్రశ్న. ఇద్దరు మనుషులు, ఒక సూట్‌కేసు అన్నాను. "అయితే పైపట్టీకి చెయ్యి ఎక్కువ పడకూడదు" అని ఒక్కో పట్టీనీ గీతకు ఆనించి చూసుకుంటూ కొట్టాడు. కొట్టిన కమాను కొంత కూర్చుంటుందని గీతకు ఒక పిసరు పైనే ఉంచాడు. పట్టీల కొసల్లో అరిగిపోయిన రబ్బరు బిళ్లల బదులు నైలాన్‌వి లేత్ షాపులో కోయించాను.

కొలతకు చదునైన నేల కావాలి. చీమకుర్తిలో తెలిసినవాళ్ల గ్రానైట్ కటింగ్ యూనిట్‌లో పలకలు పరిచిన షెడ్డు దొరికింది. వాటర్ లెవెల్ పెడితే బుడగ కదల్లేదు. సీట్లలో మనిషికి మూడు చొప్పున 25 కేజీల బియ్యం బస్తాలు, సగం ట్యాంకు పెట్రోలు, టైర్లలో సమానంగా గాలి. అన్నిటికన్నా ముఖ్యం, జాకీ దించగానే కొలవకూడదు. జాకీ మీద చక్రాలు కిందికి వేలాడి, అడుగు లోపలికి ముడుచుకుంటాయి, బండి దించినా టైరు నేలను పట్టుకుని అలాగే ఉండిపోతుంది. నాలుగైదు మీటర్లు ముందుకూ వెనక్కూ తోసి, డిక్కీ మీద బలంగా నొక్కి వదిలితేనే అసలు ఎత్తుకు వస్తుంది.

ఫెండరు అంచు నుంచి హబ్ నడిమికి కొలిస్తే టైరు సైజు, గాలి లెక్కలోకి రావు. క్యాంబర్‌కు తాపీమేస్త్రీ తూకపు గుండు చాలు. టైరు ఉబ్బుకు తగలకుండా దారం వేలాడదీసి, రిమ్ము పై అంచుకూ కింది అంచుకూ దూరం కొలిచి తేడా తీయాలి. 13 అంగుళాల రిమ్ముకు అంచు నుంచి అంచుకు దాదాపు 355 మి.మీ. కాబట్టి 6 మి.మీ. తేడా అంటే ఒక డిగ్రీ.

మొదట పైభాగం 9 మి.మీ. బయటికి వాలింది. కొత్తపట్నం రోడ్డులో తిప్పాక కమాను కూర్చుని అది 3 మి.మీ.కు వచ్చింది. అయినా అది బయటి వాలే. నాకు కావలసింది ఇద్దరు కూర్చున్నప్పుడు పైభాగం లోపలికి ఒకటిన్నర డిగ్రీ. ఇంకా దించితే పట్టు పెరుగుతుంది గానీ, మన ఊళ్ల స్పీడు బ్రేకర్లకు సైలెన్సర్ తగులుతుంది, టైరు లోపలి అంచు అరిగిపోతుంది.

కట్టకూ డిఫరెన్షియల్‌కూ మధ్య 18 మి.మీ. అల్యూమినియం దిమ్మ పెట్టాను. దిమ్మ ఎంత మందమో బండి అంతే దిగుతుంది. అంత మేర పొడవైన స్టడ్లు తప్పనిసరి, పాతవాటికి నట్టు మరలు చాలవు. ఇప్పుడు రెండువైపులా రిమ్ము పైభాగం లోపలికి 10 మి.మీ. దగ్గర ఉంది. ఎడమకూ కుడికీ ఎత్తు తేడా 3 మి.మీ., అది నాకు సమ్మతమే.

కమాను కళ్ల బోల్టులు, రేడియస్ ఆర్మ్ (చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే కడ్డీ) బోల్టులు బస్తాలు దించకముందే బిగించాను. చక్రాలు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగి ఎత్తును తప్పుగా చూపిస్తుంది, తొందరగా చిరుగుతుంది కూడా. ఎత్తు మారితే రేడియస్ ఆర్మ్ చక్రాన్ని కొద్దిగా ముందుకో వెనక్కో లాగుతుంది, అందుకే టో (పై నుంచి చూస్తే చక్రం నేరుగా ఉందా, పక్కకు తిరిగి ఉందా అన్నది) మళ్లీ చూడాలి. బ్రాకెట్ దగ్గర ఒక షిమ్ము (సందులో పెట్టే పలుచని రేకు) తీస్తే సరిపోయింది. షాకబ్జార్బర్లు ఇంకా పాతవే. కొత్తవి కొనేముందు పూర్తి లోడులో రాడ్డు ఎంత మిగులుతోందో కొలవాలి, ఈ దింపుడుతో ఆ జాగా 18 మి.మీ. మేర తగ్గింది.