శత్రువు ఇంట్లో పొయ్యి దగ్గర

థెమిస్టోక్లీస్ పొయ్యి పక్కన కూర్చున్నాడు, చేతుల్లో ఆ ఇంటివాళ్ల పసివాడు. ఇవాళ ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్‌ని చదువుతూ అక్కడే ఆగిపోయాను.

క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని ఓడించిన మనిషి! తర్వాత సొంత నగరం ఏథెన్సే తరుముతుంటే, తనంటే పడని అడ్మెటస్ ఇంటికి చేరాడు. అతను మొలోసియన్లనే తెగకి రాజు. రాజు ఊళ్లో లేడు. బిడ్డని పట్టుకుని పొయ్యి దగ్గర కూర్చోమంది రాణి. అది శరణు కోరే పద్ధతి. తిరిగొచ్చిన రాజు అతన్ని లేవదీశాడు, అంటే శరణిచ్చాడు. వెంటపడి వచ్చినవాళ్లకి అప్పగించలేదు.

గ్రీకులకి ఆ పొయ్యే హెస్టియా దేవత. ఏథెన్స్‌లో పుట్టిన బిడ్డని పొయ్యి చుట్టూ తిప్పేవాళ్లు. కొత్త కోడలి మీద, కొనితెచ్చిన బానిస మీద కూడా ఇంట్లోకి చేర్చుకుంటూ అక్కడే ఎండు అంజీర్, గింజలు చల్లేవాళ్లు.

బానిస సంగతే నన్ను వదలడం లేదు. అదే నిప్పు, అవే పళ్లు. కానీ కాదని వెళ్లిపోయే దారి ఆ బానిసకి లేదు.