ఉద్యోగం ఇచ్చే సంస్థల గురించి నేను ఆరా తీసిన విధం: నా అనుభవం

చదువు చివరి సంవత్సరంలో తోటి విద్యార్థుల సంభాషణ ఎప్పుడూ ఏ సంస్థ పెద్దది, ఏది ఎక్కువ జీతం ఇస్తుంది అన్న రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగేది. జీతం విషయం నాకూ ముఖ్యమే గానీ, కొత్తగా చేరినవారికి అక్కడ ఎలాంటి పని అప్పగిస్తారు, మూడు నాలుగేళ్ల తరువాత వారు ఏ స్థాయిలో ఉంటారు అన్న సంగతి తెలియకుండా దరఖాస్తు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని ఆసక్తి కలిగించిన సంస్థల పేర్లు ఒక పుస్తకంలో రాసుకుని, ఒక్కొక్కదాని గురించి ఈ ప్రశ్నకే జవాబు వెతకసాగాను.

సంస్థల వెబ్‌సైట్లలోని ఉద్యోగావకాశాల పేజీల వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. నవ్వుతున్న ముఖాలు, ఎదుగుదల గురించిన వాగ్దానాలు అన్నిచోట్లా ఒకే తీరుగా ఉన్నాయి. అయితే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారు 2001లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన వేబ్యాక్ మెషీన్‌లో అవే పేజీల పాత ప్రతులు చూసినప్పుడు కొంత ప్రయోజనం కనిపించింది. కొన్నేళ్ల క్రితం ఘనంగా ప్రకటించిన శిక్షణ కార్యక్రమం ఇప్పటి పేజీలో ఊసైనా లేకుండా పోతే, ఇంటర్వ్యూలో అడగవలసిన ప్రశ్న ఒకటి దొరికినట్టే.

నాకు ఎక్కువ సమాచారం ఇచ్చినవి వార్షిక నివేదికలు. వాణిజ్యశాస్త్రం చదవని నాకు మొదట అవి కొరుకుడు పడలేదు. కానీ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన సంస్థలు తమకు ఇబ్బందికరమైన విషయాలను కూడా చట్టం ప్రకారం చెప్పుకోవలసి వచ్చే చోటు అదే కాబట్టి ఓపిక పట్టాను. అధ్యక్షుల సందేశాన్ని పక్కనపెట్టి ముందుగా నగదు ప్రవాహ పట్టిక చూసేదాన్ని. ఏటా లాభం చూపిస్తున్నా రోజువారీ వ్యాపారం నుంచి చేతికి నగదు రాకపోతే, బాకీలు వసూలు కావడం లేదేమో, సరుకు పేరుకుపోతున్నదేమో అని అనుమానించాలి. ఆ తరువాత, సంస్థ మనుగడ కొనసాగింపుపై ఆడిటర్ నివేదికలో ఏదైనా సందేహం వ్యక్తమైందేమో చూసేదాన్ని. అమెరికాలో నమోదైన సంస్థలు ఏటా సమర్పించే 10-కె నివేదికలో నష్టభయాలకు ఒక విభాగమే ఉంటుంది. ఎడ్గర్ అనే ప్రభుత్వ సైట్‌లో దాన్ని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు.

నివేదికల చివర ఉండే వివరణల్లో నన్ను బాగా ఆలోచింపజేసిన అంశం ఖాతాదారుల గురించినది, అంటే ఆ సంస్థ సరుకులో సేవలో కొనేవారి గురించినది. మొత్తం ఆదాయంలో 10 శాతం గానీ అంతకు మించి గానీ ఒకే ఖాతాదారు నుంచి వస్తుంటే ఆ సంగతి వెల్లడించాలని ఐఎఫ్ఆర్ఎస్ 8 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం చెబుతుంది. ఖాతాదారు పేరు మాత్రం చెప్పనవసరం లేదు. అలాంటి ఒక్క ఒప్పందం మీదే ఆధారపడిన విభాగంలో చేరితే, అది రద్దయిన నాడు మన ఉద్యోగం ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. పర్యావరణం, ఉద్యోగులు వంటి విషయాల్లో ఏమేం వెల్లడించాలో చెప్పే జీఆర్ఐ ప్రమాణాలను పాటించే సంస్థల సుస్థిరత నివేదికల్లో 401-1 అనే అంశం కింద కొత్త నియామకాలు, విడిచివెళ్లినవారి లెక్కలు వయసువారీగా కూడా ఉంటాయి. ముప్పై ఏళ్ల లోపు వారి వరుసను అంతకుముందు సంవత్సరాల నివేదికలతో పోల్చి చూడడం నాకు అలవాటైపోయింది.

చిన్న సంస్థల విషయంలో ఇంత సమాచారం ఉండదు. అక్కడ ఉద్యోగ ప్రకటనలే ఆధారం. ఒకే పోస్టుకు పదే పదే ప్రకటన వస్తుంటే సంస్థ విస్తరిస్తున్నదనీ అనుకోవచ్చు, చేరినవారు నిలవడం లేదనీ అనుకోవచ్చు. ఉద్యోగులు తమ సంస్థల గురించి రాసే గ్లాస్‌డోర్ సైట్‌లోని అభిప్రాయాల్లో మెచ్చుకోలునూ తిట్లనూ వదిలి, మంచిచెడ్డలు రెండూ రాసినవాటినే చదివాను. ఒకే వారంలో గుంపుగా వచ్చిన పొగడ్తలను లెక్కలోకి తీసుకోలేదు. లింక్డ్ఇన్‌లో ఆ సంస్థలో నాలుగేళ్ల క్రితం చేరినవారి ప్రస్తుత హోదాలు చూశాను గానీ, అందరూ తమ ప్రొఫైళ్లను సరిచేసుకుంటూ ఉండరు గనుక దాన్నీ పూర్తిగా నమ్మలేదు.

చివరికి మనుషులను అడగక తప్పలేదు. మా కళాశాల పూర్వ విద్యార్థులకు క్లుప్తంగా లేఖలు రాసి, ఉద్యోగం ఇప్పించమని కోరడం లేదని మొదటి వాక్యంలోనే స్పష్టం చేశాను. "అక్కడ ఎలా ఉంటుందండీ?" అని అడిగితే "బాగానే ఉంటుందమ్మా" అన్న జవాబే వచ్చేది. "నిన్న ఉదయం నుంచి ఏమేం పనులు చేశారు?" అని అడిగినప్పుడు మాత్రం సమావేశాలకు ఎంత సమయం పోతుందో, జూనియర్ల పనిని ఎవరు సరిచూస్తారో, తప్పు జరిగితే ఎవరి మీదికి వస్తుందో అన్నీ బయటకు వచ్చేవి. ఒక సీనియర్ గారైతే, ఆ పోస్టులో తనకు ముందున్నవారు ఇప్పుడెక్కడ ఉన్నారో నేను అడగకముందే చెప్పుకొచ్చారు.

ఈ వడపోత తరువాత నగదు రాబడి బలహీనంగా ఉన్న ఒక పేరున్న సంస్థను నా జాబితా నుంచి తీసేశాను. ఒకే పెద్ద ఖాతాదారు మీద ఆధారపడిన మరో సంస్థను మాత్రం ఉంచుకున్నాను, ఎందుకంటే అక్కడి జూనియర్లకు మొదటి ఏడాదిలోనే ఖాతాదారులతో నేరుగా మాట్లాడే పని దొరుకుతున్నదని ఇద్దరు వేర్వేరుగా చెప్పారు. ఇంటర్వ్యూ చివర ఆ ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుందో అడిగాను. మేనేజరు గారు దాపరికం లేకుండా గడువు చెప్పి, పునరుద్ధరణ జరగకపోతే ఆ బృందాన్ని ఏ పనికి మళ్లిస్తారో వివరించారు. అవే వివరాలు రాతపూర్వకంగా పంపమని కోరాను, వారు ఒప్పుకున్నారు.