అభిసారం అనే మాట

ప్రియుణ్ణి రహస్యంగా కలుసుకోవడానికి బయలుదేరడాన్ని మన కావ్యభాష 'అభిసారం' అంటుంది. సంస్కృతంలో 'సృ' ధాతువుకు కదలడం, సాగడం అని అర్థం. దానికి 'అభి' అనే ఉపసర్గ చేరితే ఒకరి వైపు సాగడమవుతుంది. అందుచేత ఈ మాటలో కలయిక కన్నా ప్రయాణమే ముందు వినిపిస్తుంది, దీని మీద నాకున్న ఇష్టమంతా అందుకే. ప్రియుణ్ణి కోరి సంకేతస్థలానికి వెళ్లే స్త్రీ అభిసారిక అని సంస్కృత నిఘంటువు అమరకోశం చెబుతుంది. భరతుడి నాట్యశాస్త్రం ప్రేమలోని స్థితిని బట్టి చెప్పిన 8 రకాల నాయికలలో ఆమె ఒకతె. చెప్పిన చోటికి ప్రియుడు రాకపోతే ఆ నాయిక విప్రలబ్ధ.

తర్వాతి ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసినవారు, రాత్రిని బట్టి ఆమె వేషాన్ని కూడా నిర్ణయించారు: వెన్నెలలో వెళ్లేదైతే తెల్లని వలువలు, మల్లెలు, మంచిగంధం; చీకటిలో అయితే నీలివలువలు, కస్తూరిపూత, చప్పుడు కాకుండా బిగించిన అందెలు.

కాళిదాసు మేఘసందేశంలో, సూదితో పొడవదగినంత చిక్కని చీకటిలో ప్రియుల ఇళ్లకు వెళ్లే ఉజ్జయినీ స్త్రీలకు గీటురాయి మీది పసిడిగీత వంటి మెరుపుతో దారి చూపమని, ఉరిమి, వాన కురిసి వారిని బెదరగొట్టవద్దని, దూరాన ఉన్న భార్యకు మేఘంతో కబురు పంపుతున్న యక్షుడు ఆ మేఘాన్ని వేడుకుంటాడు. తానే విరహంలో మునిగి ఉన్నవాడు ముక్కూమొహం తెలియని ప్రేమికుల గురించి ఇంతగా ఆలోచించడం చదివిన ప్రతిసారీ నన్ను కదిలిస్తుంది.