బ్యాడ్జర్ కొండ, ఏప్రిల్ మూడో వారం: హోరుగాలిలో పూల వేట

ఈ వసంతానికి నేను పెట్టుకున్న పని ఇది: అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగంలో, సేజ్‌బ్రష్ అనే బూడిదరంగు పొదలు పెరిగే కొండల మీద పూసే పూలని గుర్తుపట్టడం, ప్రతి మొక్కకీ పనికొచ్చే ఫోటోలు రెండు తీయడం. ఒకటి పువ్వుది, ఒకటి ఆకుది. ఆకు ఫోటో లేకపోతే ఇంటికొచ్చాక పేరు తేలదు. ఈసారి రిచ్‌లాండ్ ఊరి పక్కనే ఉన్న బ్యాడ్జర్ మౌంటెన్‌కి వెళ్లాను. సియాటిల్ వైపు నుంచి మూడు గంటల పైచిలుకు డ్రైవ్. గాలి గంటకి 35 మైళ్ల దాకా విసురుతుందని ముందురోజే ఫోర్‌కాస్ట్‌లో ఉంది. అయినా వాయిదా వేయలేదు. ఇక్కడ గాలి లేని శనివారం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పూలు కాస్తా అయిపోతాయి.

కాస్కేడ్ పర్వతాలు మేఘాలని పడమర వైపే పిండేస్తాయి. రిచ్‌లాండ్‌లో ఏడాది మొత్తానికి పడేది 7 అంగుళాల చిల్లర, అంటే 200 మిల్లీమీటర్ల లోపే. కరువుకి పేరుమోసిన మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది! ఆ కాస్త తడీ ఎక్కువగా చలికాలంలోనే వస్తుంది కాబట్టి, ఎండలు ముదిరేలోపే మొక్కలు పూతా విత్తనం ముగించుకోవాలి. అందుకే ఏప్రిల్‌లో ఇంత తొందర.

కాన్యన్ ట్రెయిల్‌లో ఎక్కి సేజ్‌బ్రష్ ట్రెయిల్‌లో దిగాను. రెండూ కలిపి దాదాపు మూడు మైళ్లు, ఎక్కుడు 800 అడుగులు. శిఖరం ఎత్తు సముద్రమట్టం నుంచి 1,579 అడుగులే. మొదట్లోనే నిటారుగా ఉంటుంది, ఆ తర్వాత ఫర్వాలేదు. పైన నీళ్లూ లేవు, నీడా లేదు. చలి అనిపించకపోయినా గాలికి పెదవులు పగిలిపోతాయి. టోపీకి గడ్డం కింద తాడు ఉండాల్సిందే.

ముందుగా కనపడేది కేరీస్ బాల్సమ్‌రూట్. వాలు మీద గుత్తులు గుత్తులుగా పసుపు పూలు, ముట్టుకుంటే గరుకుగా తగిలే పెద్ద ముక్కోణపు ఆకులు. దీని చుట్టం ఆరోలీఫ్ బాల్సమ్‌రూట్ ఆకుల మీద వెండిరంగు నూగు ఉంటుంది. తేడా ఆకులోనే దొరుకుతుంది. ఫోటోకి వస్తే ఇది మొండిఘటం. పొడుగు కాడ, బరువు తల, ఒక్క క్షణం నిలవదు. షట్టర్ స్పీడ్ సెకన్లో 1/1000 వంతు పెట్టి, వరసగా పది పదిహేను నొక్కితే ఒకటి దక్కింది. ట్రైపాడ్ కారులోనే వదిలేయండి, ఊగేది కెమెరా కాదు కదా.

గాలి రోజున అసలు పని నేలబారు మొక్కలతోనే అని నాకు బాగా అర్థమైంది. లాంగ్‌లీఫ్ ఫ్లాక్స్ గులాబీ, తెలుపు రంగుల్లో పొదల అంచున ఉంది. రాతినేల మీద కుషన్ ఫ్లీబేన్, నేలకి కరుచుకుని వూలీపాడ్ మిల్క్‌వెచ్. వీటి ఎత్తు బెత్తెడైనా లేదు. గాలికి వీపు పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మన ఒళ్లే గోడ అవుతుంది. బ్యాగ్ ఇంకోవైపు అడ్డం పెడితే పువ్వు నిలబడిపోతుంది. బాగా వచ్చిన ఫోటోలన్నీ అలా తీసినవే.

సేజ్‌బ్రష్ ఇప్పుడు పూయదు, వేసవి చివర్లో పూస్తుంది. గుర్తు మాత్రం ఎప్పుడూ తేలికే: బూడిదరంగు ఆకు, కొసన మూడు పళ్లు. నలిపితే కర్పూరం కలిపిన ఘాటు. మన దవనం, వినాయక చవితి పత్రిలో మొదట వేసే మాచిపత్రి, ఇదీ ఒకే ఆర్టెమీసియా జాతివి. ఇది అమ్మకి చెబుదామని పైనుంచి వీడియో కాల్ చేస్తే హోరు తప్ప ఏమీ వినపడలేదు. "ముందు చెవులకి ఏదన్నా కట్టుకోరా" అని తర్వాత మెసేజ్ పెట్టింది.

దిగేటప్పుడు దారి పక్క తెల్లటి గ్రానైట్ బండలు చూడటం మరిచిపోవద్దు. హైదరాబాద్ వాళ్లకి గ్రానైట్‌ని పరిచయం చెయ్యక్కర్లేదు, కానీ ఈ కొండంతా నల్ల బసాల్ట్. మంచుయుగం చివర్లో, తూర్పున మోంటానాలో ఉండిన మిజూలా సరస్సుకి అడ్డుగా ఉన్న మంచుకట్ట తెగినప్పుడు ఆ వరద వల్లూలా గ్యాప్ అనే ఇరుకు కనుమ దగ్గర ఇరుక్కుని వెనక్కి తన్ని, ఇక్కడ సముద్రమట్టం నుంచి 1,200 అడుగుల ఎత్తు దాకా నిలిచింది. ఆ నీళ్ల మీద తేలివచ్చిన మంచుగడ్డలు మోసుకొచ్చిన రాళ్లివి.

దారి దిగి అడుగు పెట్టకండి. మొక్కల మధ్య నేల మీద నాచు, లైకెన్లతో అల్లుకున్న పలచని పొర ఉంటుంది. ఒక్కసారి తొక్కితే మళ్లీ కట్టడానికి ఏళ్లు పడుతుంది. ఒంటికి కరుచుకుని రక్తం పీల్చే పిడుదులు (టిక్స్) ఈ నెలల్లోనే ఎక్కువ. లేతరంగు ప్యాంటు వేసుకుని, అంచు సాక్సులో దోపి, కారెక్కే ముందు మోకాళ్ల వెనకా మెడ దగ్గరా చూసుకోవాలి. చీట్‌గ్రాస్ అనే కలుపు గడ్డి ముళ్ల గింజలు సాక్సుల్లో దిగితే ఉతికినా పోవు, బూటు పైనుంచి పిక్క దాకా కప్పే గెయిటర్లు కొనాలి.

తర్వాత మే నెలలో ఎలెన్స్‌బర్గ్ దగ్గరి రాతినేలలు. అక్కడ చూడాల్సింది బిట్టర్‌రూట్. ఎండెక్కాకే పూర్తిగా విచ్చుకుంటుంది కాబట్టి దాని కోసం తెల్లారుజామునే లేవక్కర్లేదు. మోకాళ్ల కింద పరుచుకోవడానికి ఫోమ్ ముక్క ఒకటి పట్టుకెళ్తాను.